విద్యార్థికి తగిన కెరీర్ ఎంచుకోవడంలో తోడు నిలవడం ఎలా: మొదటి మాట నుంచి ప్లాన్ బి దాకా

"మా అబ్బాయికి ఏ లైన్ బాగుంటుంది?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. ప్రశ్న చిన్నదే కానీ, ఒక్క ముక్కలో జవాబు చెబితే ఆ పిల్లవాడికి అన్యాయం చేసినట్టే. మార్కులు చూసి, మాట తీరు చూసి ఫలానాది చదివించండి అని ఖాయంగా చెప్పగలిగే మనిషి ఎవరూ లేరు. అయితే దాదాపు 12 వారాల పాటు, వారానికి రెండు మూడు గంటలు కేటాయిస్తే విద్యార్థి తన జవాబు తనే వెతుక్కోగలడు. ఆ 12 వారాల్లో ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను. పాఠశాల చివరి సంవత్సరాల్లోనో, పైచదువు మొదట్లోనో ఉన్న విద్యార్థి పక్కన కూర్చునే అమ్మానాన్నలు, టీచర్లు, అక్కలు, అన్నల కోసం ఇది.

మొత్తంలో ముఖ్యమైనది 7వ మెట్టు, అంటే చిన్న ట్రయల్: ఆ పనిని కొన్ని గంటలు స్వయంగా చేసి చూడటం. టైమ్ చాలక ఏదైనా వదిలేయాల్సి వస్తే ఆసక్తి టెస్ట్‌ను వదిలేయండి, ఉద్యోగాల జాబితాను కుదించండి. ట్రయల్‌ను మాత్రం వదలకండి.

1. కూర్చునే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ముందు పెద్దవాళ్లు తమలో తాము తేల్చుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. చదువుకు ఎంత ఖర్చు పెట్టగలరు? ఇంటికి దూరంగా పంపడానికి నిజంగా ఒప్పుకుంటారా? సంపాదన ఎన్నేళ్లలో మొదలవ్వాలి? ఈ విషయాలు దాచిపెట్టి "నీ ఇష్టం రా" అని, చివరలో "అంత ఖర్చు మనవల్ల కాదు" అంటే పిల్లలు మళ్లీ మనసు విప్పరు. హద్దులుంటే మొదటి రోజే చెప్పేయండి. హద్దు తెలిస్తే వాళ్లు దానికి తగ్గట్టు ఆలోచిస్తారు, దానికేం బాధపడరు.

తయారుగా ఉంచుకోండి:
- ఒక నోట్‌బుక్. అది విద్యార్థిది. అడగకుండా మీరు తెరవకూడదు.
- దరఖాస్తులు, ప్రవేశ పరీక్షల చివరి తేదీలు ఒకే కాగితం మీద.
- వారంలో ఒక ఖాయమైన గంట. పరీక్షల వారాలు వద్దు.
- డబ్బు, దూరం, ఆరోగ్యం వంటి నిజమైన హద్దులు, ఒక్కొక్కటి ఒక్క వాక్యంలో.

2. మొదటి రోజు అడగాల్సినవి, అడగకూడనివి

"పెద్దయ్యాక ఏమవుతావు?" అని అడగకండి. దానికి రెండే జవాబులు వస్తాయి: మీకు నచ్చుతుందనుకున్న మాట, లేదా "తెలీదు". జరిగిపోయిన వాటి గురించి అడగండి. జరిగినదాని మీద ఎవరైనా మాట్లాడగలరు.

- ఈ మధ్య టైమ్ తెలియకుండా చేసిన పని ఏది?
- నీ స్నేహితులు నిన్ను ఏ సాయం అడుగుతారు?
- ఎవరూ చెప్పకపోయినా రెండోసారి సరిచేసి, ఇంకా బాగా చేసింది ఏది?
- మార్కులు వచ్చినా విసుగనిపించిన సబ్జెక్టు ఏది? ఎందుకు?
- ఎవరి పని చూసి "ఇది నేనూ చేయగలను" అనుకున్నావు?

పొరపాటు: మొదటి రోజే సలహా ఇవ్వడం. దిద్దుబాటు: ఆ గంటలో మీరు ప్రశ్నలు మాత్రమే అడగండి, జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

పిల్లలు నోరు విప్పకపోతే ఎదురెదురుగా కూర్చోవడం మానేయండి. కలిసి నడుస్తూనో, ఇద్దరూ ఏదో పని చేసుకుంటూనో మాట్లాడితే చాలామంది తేలిగ్గా మాట్లాడతారు. అప్పటికీ మాట రాకపోతే ప్రశ్నలు కాగితం మీద ఇచ్చి వారం ఆగండి.

3. రెండు వారాల నోట్‌బుక్

ఇప్పుడు విద్యార్థి ప్రతి రాత్రి ఐదు నిమిషాలు రాయాలి. మూడు గడులు చాలు: ఏం చేశాను, అందులో ఏ భాగం హుషారునిచ్చింది, ఏ భాగం నీరసం తెప్పించింది.

అసలు పని రెండో గడిలో ఉంటుంది. ఒక అమ్మాయి "నాకు జీవశాస్త్రం ఇష్టం" అంటుందనుకోండి. వెంటనే అందరూ డాక్టర్ చదువు అంటారు. నోట్‌బుక్ చూస్తే ఆమెకు హుషారునిచ్చినవి గుండె బొమ్మ గీసి భాగాలకు పేర్లు పెట్టడం, పరీక్ష ముందు ఇద్దరు స్నేహితులకు ఆ పాఠం అర్థమయ్యేలా చెప్పడం. ప్రయోగశాలలో గడిపిన గంట నీరసం గడిలో ఉంది. అంటే ఆమెను లాగుతున్నది బొమ్మ గీయడం, విడమరచి చెప్పడం. జీవశాస్త్రం వాటికి దొరికిన చోటు మాత్రమే కావచ్చు. వైద్య చిత్రకారులు, సైన్స్ టీచర్లు, రోగులకు ఆరోగ్య సమాచారం తయారుచేసేవాళ్లు చేసేది ఇదే పని. ఆమె డాక్టర్ కాకూడదని కాదు. "ఇష్టం" అనే ఒక్క మాట మీద పదేళ్ల చదువు నిలబెట్టకూడదు, అంతే.

ఇలాగే మరో మూడింటిని విడదీయండి. సబ్జెక్టు నచ్చిందా, టీచర్ నచ్చారా? పని నచ్చిందా, దానికి దొరికే పేరు నచ్చిందా? సబ్జెక్టు కష్టంగా ఉందా, పునాది తప్పిపోయిందా? మూడోది మరీ ముఖ్యం. చిన్న తరగతుల్లో భిన్నాలు సరిగా రాక "నాకు లెక్కలు రావు" అని తేల్చేసుకున్న పిల్లలు చాలామంది ఉంటారు. ఆ ముద్ర మీద లెక్కలున్న దారులన్నీ మూసేయకముందే, రెండు నెలలు ఆ పునాది దగ్గరి నుంచి చెప్పించి చూడండి.

4. ఆసక్తి టెస్ట్‌ను ఎంతవరకు నమ్మాలి

అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ హాలండ్ పని పట్ల ఆసక్తులను ఆరు రకాలుగా విడదీశారు: చేతులతో, యంత్రాలతో చేసేవి, శోధించి తెలుసుకునేవి, కళాత్మకమైనవి, మనుషులకు సాయపడేవి, నడిపించి, ఒప్పించేవి, లెక్కగా, క్రమంగా చేసేవి. చాలా ఆసక్తి టెస్ట్‌లకు ఇదే ఆధారం. అమెరికా కార్మిక శాఖ వారి ఓ-నెట్ ఇంటరెస్ట్ ప్రొఫైలర్ చిన్న రూపంలో 60 ప్రశ్నలుంటాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఫలితంలో ముందున్న రెండు మూడు రకాలు మాత్రం నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆసక్తి టెస్ట్ సామర్థ్యాన్ని కొలవదు. విద్యార్థి ఎప్పుడూ చూడని పని మీద అభిప్రాయం అడిగితే వచ్చేది ఊహే. ఆరు రకాలకూ ఇంచుమించు ఒకే స్కోర్ వస్తే కంగారు పడకండి. చాలాసార్లు అనుభవం చాలకపోవడమే కారణం. ట్రయల్స్ అయ్యాక మళ్లీ రాయించండి.

టెస్ట్ ఒకటి చెప్పి, నోట్‌బుక్ ఇంకొకటి చెబితే నేను నోట్‌బుక్ వైపే ఉంటాను.

5. జాబితాను ముందు పెంచండి, తర్వాత తగ్గించండి

పిల్లలకు తెలిసిన ఉద్యోగాలు కొన్నే: ఇంట్లో చూసినవి, తెర మీద చూసినవి, బంధువులు పొగిడేవి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2008 వర్గీకరణలో వృత్తుల చిట్టచివరి స్థాయి గుంపులే 436 ఉన్నాయి. ఒక్కో గుంపులో మళ్లీ ఎన్నో ఉద్యోగాలు.

పెంచడానికి తేలికైన పద్ధతి: ఒక చోటును తీసుకుని, అక్కడ ఎవరెవరు పని చేస్తారో రాయించండి. ఆసుపత్రినే తీసుకుంటే డాక్టర్, నర్సు అక్కడే ఆగిపోతారు. ఇంకా అడగండి. ఎక్స్‌రే ఎవరు తీశారు? రక్తపరీక్ష ఎవరు చేశారు? ఆ యంత్రం పాడైతే ఎవరు బాగుచేస్తారు? విరిగిన కాలితో మళ్లీ నడిపించేది ఎవరు? ఆహారం ఏది ఎంత తినాలో ఎవరు రాస్తారు? రికార్డులు, బిల్లులు, సాఫ్ట్‌వేర్ ఎవరు చూస్తారు? పది నిమిషాల్లో 15 పేర్లు వస్తాయి.

తర్వాత, విద్యార్థి ఎప్పుడో కొట్టిపారేసిన వాటిని మళ్లీ తిరగేయండి. పిల్లలు చాలా చిన్న వయసులోనే కొన్ని పనులను "ఇది ఆడవాళ్లది", "ఇది మగవాళ్లది", "ఇది మన స్థాయికి తక్కువ" అని తమకు తెలియకుండానే తీసేసుకుంటారని లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అనే పరిశోధకురాలు 1981లో వివరించారు. కొట్టేసిన ప్రతి పేరు పక్కనా కారణం రాయమనండి. కారణం రాయలేని పేరు జాబితాలోకి తిరిగి రావాలి.

ఇక తగ్గించడం. 15 నుంచి 5కు రావడానికి ఒక్కోదానికి ఒక పేజీ సమాచారం కావాలి:
- మామూలు రోజు ఎలా గడుస్తుంది: ఎన్ని గంటలు కూర్చుని, ఎన్ని గంటలు మనుషులతో?
- చేరడానికి ఏ చదువు, ఏ లైసెన్స్, ఎన్నేళ్లు?
- తప్పనిసరి సబ్జెక్టులు ఏవి? చాలా దారులు ఇక్కడే మూసుకుపోతాయి, కాబట్టి ముందే చూడండి.
- రాత్రి పనులు, ప్రయాణాలు, శారీరక శ్రమ ఎంత?
- ఐదేళ్ల అనుభవం తర్వాత ఏ ఏ దారులు తెరుచుకుంటాయి?

కాలేజీ ప్రకటనల నుంచి ఈ పేజీ నింపవద్దు. ఆ ఉద్యోగానికి ఈమధ్య వచ్చిన పది నియామక ప్రకటనలు చదివి, ఏ నైపుణ్యం ఎన్నిసార్లు అడిగారో గీతలు గీసి లెక్కపెట్టండి. పదింటిలో ఏడెనిమిది అడిగినదే అసలు అవసరం. ఇది నేను అందరికీ చెప్పే పని. ఒక్క గంట పడుతుంది, ఎన్నో భ్రమలు తొలగిపోతాయి.

6. ఆ పని చేసేవాళ్లతో 20 నిమిషాలు

మిగిలిన 5 పనుల్లో ఒక్కోదానికి కనీసం ఇద్దరితో మాట్లాడించండి. ఒకరు చేరి రెండు మూడేళ్లయినవారు, ఇంకొకరు పదేళ్లు దాటినవారు. కొత్తవాళ్లకు చేరే దారి గుర్తుంటుంది, పాతవాళ్లకు దారి చివర ఏముందో తెలుసు. మానేసినవాళ్లు ఒకరు దొరికితే మరీ మంచిది.

సందేశం విద్యార్థే రాయాలి. ఇలా సరిపోతుంది: "నమస్కారమండీ. నేను పాఠశాల చివరి సంవత్సరం చదువుతున్నాను. మీరు చేసే పని గురించి తెలుసుకోవాలనుంది. ఉద్యోగం అడగడానికి కాదండీ. ఈ రెండు వారాల్లో మీకు వీలైనప్పుడు 20 నిమిషాలు మాట్లాడగలరా?" జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేసి, ఇంకొకరిని వెతుక్కోవాలి.

"ఈ ఫీల్డ్ బాగుంటుందా?" అని అడిగితే "కష్టపడితే ఏదైనా బాగుంటుంది" అనే జవాబే వస్తుంది. ఇవి అడగమనండి:
- నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?
- ఈ పనిలో బయటివాళ్లకు కనిపించని విసుగు ఏమిటి?
- కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా ఎక్కడ తడబడతారు?
- ఇప్పుడు మళ్లీ మొదలుపెడితే ఏం మార్చుకుంటారు?

విద్యార్థి మైనర్ అయితే ఈ మాటలన్నీ పెద్దవాళ్లకు తెలిసే జరగాలి. కలవడం నలుగురూ ఉండే చోటే, తెలిసిన పెద్ద ఒకరు తోడుండగానే. దీనికి మినహాయింపు లేదు.

7. చిన్న ట్రయల్

వినడం వేరు, చేయడం వేరు. మూడు పనులు ఎంచుకుని ఒక్కోదానికి పది గంటలు ఇవ్వండి. దానికి ఇంటర్న్‌షిప్ దొరకాల్సిన పనిలేదు. ఆ వృత్తిలో రోజూ చేసే పనిని చిన్నగా చేసి చూడటమే.

- అకౌంట్స్: ఇంటి జమాఖర్చులు నెలంతా రాసి, చివర పైసా తేడా లేకుండా సరిచూడాలి. తేడా వస్తే ఎక్కడ తప్పిందో తనే పట్టుకోవాలి.
- ఆర్కిటెక్చర్: ఒక గదిని టేపుతో కొలిచి, స్కేలు ప్రకారం ప్లాన్ గీయాలి. తర్వాత చక్రాల కుర్చీలో ఉన్న మనిషి తిరగగలిగేలా దాన్ని మార్చాలి.
- న్యాయవాదం: ఒక తీర్పు పూర్తిగా చదివి, రెండు పక్షాల వాదననూ చెరో పేజీలో రాయాలి. తనకు నచ్చని పక్షాన్ని కూడా అంతే బలంగా.
- బోధన: ఒక చిన్న పిల్లకు నాలుగు వారాలు భిన్నాలు చెప్పాలి. అర్థం కానప్పుడు ఇంకో రకంగా చెప్పే ఓపిక ఉందో లేదో తేలిపోతుంది.
- ప్రోగ్రామింగ్: ఇంట్లో ఒకరికి నిజంగా ఉపయోగపడే చిన్న ప్రోగ్రామ్ రాసి, వాళ్లు వాడాక చెప్పిన తప్పులు సరిచేయాలి.
- జర్నలిజం: ఒక విషయం మీద ముగ్గురిని కలిసి 400 పదాలు రాయాలి. ప్రతి పేరు, అంకె రెండుసార్లు సరిచూడాలి.

ప్రతిదాంట్లోనూ విసుగు పుట్టించే భాగం ఉండటం గమనించారా? కావాలనే పెట్టాను. సరదా భాగం అందరికీ నచ్చుతుంది. విసుగు భాగాన్ని ఓర్చుకోగలిగితేనే ఆ పని ఏళ్ల తరబడి చేయగలరు.

ట్రయల్ అయ్యాక "బాగా చేశావా?" అని అడగవద్దు. మొదటిసారి ఎవరూ బాగా చేయరు. మూడు ప్రశ్నలు చాలు: మధ్యలో మానేయాలనిపించినప్పుడు ఎందుకు కొనసాగించావు? మూడో గంటకంటే ఎనిమిదో గంటలో ఏం మెరుగైంది? ఇంకో పది గంటలు ఇస్తే చేస్తావా?

పిరికిగా ఉండే పిల్లలకు ట్రయల్ ఇంకో మేలు చేస్తుంది. "నేను చేయగలను" అన్న నమ్మకానికి అన్నిటికన్నా బలమైన ఆధారం స్వయంగా చేసి గెలిచిన అనుభవమేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే చెప్పారు. "నువ్వు చేయగలవురా" అన్న మన మాట దానికి సాటిరాదు. కాబట్టి మొదటి ట్రయల్ తప్పకుండా పూర్తయ్యేంత చిన్నదిగా పెట్టండి.

8. డబ్బు లెక్క మొహమాటం లేకుండా

జీతం గురించి ఆలోచించడం తప్పేమీ కాదు. తప్పుడు అంకె మీద ఆలోచించడమే తప్పు. "మా విద్యార్థుల సగటు జీతం ఇంత" అని ఎవరైనా చెబితే రెండు ప్రశ్నలు అడగండి. బ్యాచ్‌లో మొత్తం ఎందరు, ఉద్యోగం వచ్చింది ఎందరికి? జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉన్నది ఎంత? పది మందిలో తొమ్మిది మందికి 10 చొప్పున, ఒకరికి 110 వస్తే సగటు 20 అవుతుంది. కానీ 20 వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. మధ్య అంకె 10. మీ పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆ 10కే.

అప్పు తీసుకునేట్టయితే నెల వాయిదాను ఎప్పుడూ తక్కువ ప్రారంభ జీతంతోనే పోల్చండి. ఆరు నెలలు ఆలస్యంగా ఉద్యోగం వస్తే వాయిదా ఎవరు కడతారో ముందే రాసుకోండి.

9. నిర్ణయం

విద్యార్థికి ముఖ్యమైన ఐదు అంశాలు రాయించండి. ప్రతిదానికీ ఎంత బరువో ముందే వేయించాలి. ఆ తర్వాతే మూడు దారులకు స్కోర్ వేయాలి. వరుస తారుమారైతే ముందే మనసులో ఉన్నదానికి తగ్గట్టు బరువులు మారిపోతాయి.

మొత్తం కూడాక ముఖం చూడండి. గెలిచిన దారి చూసి ముఖం వాడిపోతే పట్టికలో ఏదో రాలేదన్నమాట. అదేమిటో అడిగి చేర్చండి. రెండు దారులు సమానంగా నిలిస్తే, తర్వాత మారడానికి ఎక్కువ వీలున్నది తీసుకోండి.

పెద్దలు, పిల్లలు ఒప్పుకోని చోట వాదన పెంచకండి. "ఇది వద్దు" అనే ముందు పెద్దవాళ్లు తమ భయాన్ని ఒక వాక్యంలో చెప్పాలి: "ఆదాయం నిలకడగా ఉండదని భయం" లాగా. అప్పుడు దానికి సమాచారంతో జవాబు వెతకవచ్చు. పరువు గురించిన భయమైతే దానికి సమాచారం పనిచేయదు. ఆ భయాన్ని పిల్లల నెత్తిన పెట్టడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం.

చివరికి కాగితం మీద మూడు ఉండాలి: మొదటి దారి, దానికి దగ్గరగా ఉన్న రెండో దారి, రెండూ కుదరకపోతే పట్టుకునే దారి.

10. తయారీ

చివరి తేదీ నుంచి వెనక్కి లెక్క వేయండి. పరీక్షకు 20 వారాలుంటే ఆఖరి 4 వారాలు నమూనా పరీక్షలకు, 2 వారాలు జబ్బు, శుభకార్యం వంటి అనుకోని వాటికి వదిలేయండి. చదువుకు మిగిలేవి 14. టైమ్‌టేబుల్ ఆ 14కే వేయాలి.

చదివే పద్ధతి కూడా చూడండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో పాఠం మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే, చదివి మూసేసి గుర్తున్నది రాసి చూసుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మాత్రం మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. అందుకే తిరిగి చదవడం పిల్లలకు బాగా వచ్చేసినట్టు అనిపిస్తుంది. పుస్తకం మూసి రాయడం అలవాటు చేయండి.

"రోజూ చదువుతాను" అన్న మాట నిలవదు. "రాత్రి భోజనం కాగానే ఈ బల్ల దగ్గర కూర్చుని పది లెక్కలు చేస్తాను" అని ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నది కలిపి రాయించండి.

ఇంటర్వ్యూ ఉంటే సొంత అనుభవాలు ఐదింటిని నాలుగు వాక్యాల చొప్పున సిద్ధం చేయించండి: పరిస్థితి, నా బాధ్యత, నేను చేసింది, ఫలితం. ట్రయల్స్ చేసినవాళ్లకు ఇక్కడ మాటలు వెతుక్కునే పని ఉండదు.

దరఖాస్తు వారం చెక్‌లిస్టు:
- అన్ని పత్రాల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా? తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి, దానికి వారాలు పడుతుంది.
- స్కాన్ కాపీలు రెండు చోట్ల భద్రంగా ఉన్నాయా?
- ఫోన్ నంబరు, మెయిల్ విద్యార్థివేనా, రోజూ చూస్తున్నారా?
- చివరి తేదీకి మూడు రోజుల ముందే పంపేశారా?
- రసీదు తీసి దాచారా?

11. అనుకున్నది జరగకపోతే

ఫలితం బాగా రాని రోజు ప్లాన్ గురించి మాట్లాడకండి. ఆ రోజు అన్నం తినిపించి, పక్కన ఉండండి. మూడు రోజుల తర్వాత నోట్‌బుక్ తెరిచి రెండో దారి పేజీ చూడండి. అది ముందే రాసి ఉంటుంది కాబట్టి టెన్షన్‌లో కొత్తగా ఆలోచించాల్సిన పని ఉండదు. పిల్లలు తిండి, నిద్ర మానేసినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా అది కెరీర్ విషయం కాదు. ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్‌నో, కౌన్సిలర్‌నో కలవండి.

చేరాక "నచ్చలేదు" అంటే, ఏది నచ్చలేదో విడదీయండి. కొత్త చోట ఒంటరితనమా? మొదటి నెలల్లో అందరికీ ఉండే కష్టమా? లేక పని స్వభావమే పడటం లేదా? మొదటి రెండింటికీ స్నేహితులు, ట్యూషన్, కాస్త సమయం చాలు. మూడోది తేల్చడానికి పై తరగతుల విద్యార్థుల పాఠాలు, ప్రాజెక్టులు చూడమనండి. అవి చూసినా మనసు కదలకపోతే మారడం గురించి ఆలోచించవచ్చు.

మారే ప్రశ్నకు తేదీ కూడా పెట్టుకోండి. చేరిన రోజే ఆరు నెలల తర్వాతి ఒక తేదీని నోట్‌బుక్ చివరి పేజీలో రాయించండి. అప్పటిదాకా ప్రతి చెడ్డ రోజునా "మానేయాలా" అని తర్జనభర్జన వద్దు. ఆ తేదీన ఇద్దరూ కూర్చుని, రెండు వారాల నోట్‌బుక్‌లాగే హుషారు, నీరసం గడులు మళ్లీ నింపి, మొదట రాసిన పేజీ పక్కన పెట్టి చూడండి.